ప్రమాదాలే లేని కాలనీలో మూడో గొయ్యి: ఒక కేస్ స్టడీ

ఫ్యాక్టరీల్లో భద్రత మీద పనిచేసే మాలాంటి వాళ్ళని సాధారణంగా ఏదో జరిగాక పిలుస్తారు. ఈ కేసులో పిలిచిన ఫ్యాక్టరీలో, కాగితాల ప్రకారం, ఏళ్ళ తరబడి ఏమీ జరగలేదు. అందుకే దీన్ని రాసి ఉంచాలనిపించింది. లోపాలు కళ్ళకు కనిపించే చోట పని సులువు. అన్నీ చక్కగా ఉన్న చోట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

చోటు ఒడిశా సరిహద్దు. రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల్లో ఒకటి. ఫ్యాక్టరీ ఏం తయారుచేస్తుందో రాయడం లేదు, దాని అవసరమూ లేదు. కాగితం, చక్కెర, స్టార్చ్, తోళ్ళు, ఏ సరుకైనా మురుగునీరు చేరే గొయ్యి స్వభావం ఒకటే. హోదాలు, కాలక్రమం, కొన్ని వివరాలు మార్చాను. చనిపోయిన మనిషి కుటుంబానికి ఈ రాత చదివి వినిపించాను. వాళ్ళు తీసేయమన్నవి తీసేశాను.

నేపథ్యం

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయ్యేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. తెలుగు కుటుంబాలు అప్పటి నుంచీ ఉన్నాయి. ఫ్యాక్టరీ కట్టేటప్పుడు పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు వైపు నుంచి ఇంకొందరు వచ్చి స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆఫీసులో హిందీ. పెళ్ళి సంబంధాలకీ పండగ బట్టలకీ ఇప్పటికీ రైలెక్కి పార్వతీపురమో విజయనగరమో వెళ్తారు.

ఫ్యాక్టరీ కాలనీ చూస్తే ఎవరికైనా అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది. ఒకే రంగు క్వార్టర్లు, ఊడ్చిన రోడ్లు, వేళకి సైరన్, వేళకి నీళ్ళు. గోడల మీద ఒక్క పోస్టరు ఉండదు. వినాయక చవితికి మైకు ఎన్ని గంటలదాకా పెట్టాలో సర్క్యులర్ వస్తుంది, అందరూ పాటిస్తారు. గొడవలు లేవు, గుట్కా మరకలు లేవు. ఆడవాళ్ళు రాత్రి పదింటికి కూడా నిశ్చింతగా నడిచి వెళ్తారు. ఇవేవీ చిన్న విషయాలు కావు. కాలనీ గోడ అవతల బస్తీలో ఈ సుఖాల్లో సగం కూడా లేవు, ఆ సంగతి అక్కడివాళ్ళకి బాగా తెలుసు.

మెయిన్ గేటు పక్కన ఎర్ర అంకెల బోర్డు ఉంటుంది. చివరి ప్రమాదం జరిగి ఎన్ని రోజులైందో అది చూపిస్తుంది. నేను వెళ్ళేసరికి అంకెలు నాలుగు స్థానాలకు చేరి చాలాకాలమైంది. ఏటా మార్చి 4న, జాతీయ భద్రతా దినం రోజు, ఆ అంకె పెరిగినందుకు ప్రతి కుటుంబానికీ ఒక బహుమతి ఇస్తారు. ఒక ఏడు మిక్సీ, ఒక ఏడు పెద్ద సూట్‌కేసు. అంకె సున్నాకి పడితే ఆ ఏడాది ఎవరికీ ఏమీ ఉండదు.

ఈ ఏర్పాటు మనుషుల్ని ఏం చేస్తుందో ఊహించడం కష్టం కాదు. అప్పుడు అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948లోని 88వ సెక్షన్ ప్రకారం, గాయపడిన మనిషి 48 గంటలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనికి రాలేకపోతే యాజమాన్యం ఇన్‌స్పెక్టర్‌కి తెలియజేయాల్సి ఉండేది. కాబట్టి వేలు చితికినవాణ్ణి మర్నాడే కారు పంపించి తీసుకొచ్చి టైమ్ ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు. హాజరు పడుతుంది, 48 గంటలు నిండవు. నాకు ముందు విచిత్రంగా అనిపించింది ఏమిటంటే, దీనికి సూపర్‌వైజర్లు పెద్దగా ఒత్తిడి చేయనక్కర్లేదు. గాయపడినవాడి భార్యే పంపించేది. ‘మా ఆయన వల్ల లైనంతా మిక్సీలు పోయాయి’ అనే మాట ఆ కాలనీలో ఏ ఆడదీ పడలేదు.

వచ్చిన సమస్య

జులై నెల, రెండు వారాల తేడాలో ఇద్దరు కాంట్రాక్ట్ హెల్పర్లు మురుగునీటిని శుద్ధి చేసే ఎఫ్లుయెంట్ ప్లాంట్ దగ్గర పడిపోయారు. మొదటివాడు గొయ్యి అంచున మోకాళ్ళ మీద కూలిపోయి, వెనక్కి పాక్కుంటూ బయటపడ్డాడు. రెండోవాడు నిచ్చెన మీద రెండు మెట్లు దిగాక చేతులు వదిలేశాడు. పైనున్నవాడు చొక్కా పట్టుకుని లాగాడు. ఫస్ట్ ఎయిడ్ రిజిస్టరులో రెండు చోట్లా ‘ఎండదెబ్బ’ అని రాశారు. వారానికి రెండు రోజులు వచ్చే డాక్టరుగారు ఆ పేజీ చూసి, మూడు రోజులుగా ముసురు పట్టిన ఊళ్ళో ఎండదెబ్బ ఎక్కడిదని అడిగారట. ఆ ఒక్క ప్రశ్న వల్లే నన్ను పిలిచారు.

యూనిట్ హెడ్ చెప్పిన సమస్య వేరు. ‘కాంట్రాక్ట్ లేబర్‌కి అవగాహన లేదు. ట్రైనింగ్ ఇవ్వండి.’ ఆయన దాచిపెట్టి అలా అనలేదు, నిజంగానే అలా నమ్మాడు. బదిలీ మీద వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఆయనకు అందిన ఫైళ్ళలో ఆ గొయ్యి పేరు ‘ఎస్‌పీ-07’. దాని మీద ఒక్క ప్రతికూలమైన కాగితం లేదు.

పనిలోకి దిగే ముందు ఆ గొయ్యిలో ఏముండే వీలుందో చెప్పాలి. సేంద్రియ బురద గాలి తగలకుండా నిలవ ఉంటే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. గాలికంటే బరువు కాబట్టి అడుగున పేరుకుంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన. 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్ళకి వంద పాళ్ళు) దాటేసరికి ముక్కు మొద్దుబారి వాసన పోతుంది. పైనున్నవాడు ‘ఇందాక కంపు కొట్టింది, ఇప్పుడు లేదు, దిగొచ్చు’ అనుకునే క్షణం అదే. 500 పైబడితే నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. 1000కి అటూ ఇటూ అయితే ఒకటి రెండు ఊపిర్లు చాలు.

చేసినవి, ఎందుకు పనిచేయలేదు

మొదట అడిగినట్టే ట్రైనింగ్ ఇచ్చాం. హిందీ, ఒడియా, తెలుగు, మూడు భాషల్లోనూ. చివర పరీక్ష పెడితే అందరికీ మంచి మార్కులు వచ్చాయి. ఆ వారంలోనే ఒక హెల్పర్ గోతిలో పడ్డ స్పానర్ కోసం గ్యాస్ కొలిచే మీటర్ లేకుండా తల లోపలికి వంచడం సేఫ్టీ ఆఫీసర్ కంటపడింది. అతన్ని తిట్టొద్దని చెప్పి, ఎందుకు వంగావని అడిగాం. ‘రోజూ వంగుతాం కదా సార్, ఏమీ కాదు’ అన్నాడు. అతను చెప్పింది అతని అనుభవం. గొయ్యి చాలా రోజులు ఏమీ చేయదు. స్లైడులో చూసిన అంకెకీ రోజూ చూసే గొయ్యికీ మధ్య పోటీ పెడితే గొయ్యే గెలుస్తుంది.

తర్వాత గోతిలోకి దిగడానికి రాసిచ్చే పర్మిట్ బిగించాం. దిగాలంటే ఇంకో సంతకం, ఇంకో కాలమ్. పాత పర్మిట్లు తిరగేస్తే ప్రతి దాంట్లోనూ ఆక్సిజన్ 20.9 శాతం, హైడ్రోజన్ సల్ఫైడ్ సున్నా. బయటి గాలిలో 20.9 సహజమే. బురద గోతి అడుగున నెలల తరబడి అదే అంకె రావడం సహజం కాదు. అనుమానం వచ్చి మీటర్ క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ తీయించాం. అది బయటి ల్యాబులో ఉన్న రోజుల్లో కూడా పర్మిట్ల మీద రీడింగులు ఉన్నాయి. అంటే సంతకాలు పెంచితే అబద్ధం మీద సంతకాలు పెరుగుతాయి, అంతే. అక్కడ ఆపేశాం.

మూడోది, పేరు రాయకుండా ఫిర్యాదు వేసే పెట్టె. యాజమాన్యం ఆలోచన. తాళం హెచ్ఆర్ దగ్గర, పెట్టె క్యాంటీన్‌లో కెమెరా కింద. సాంబారు పల్చగా ఉంటోందని మాత్రం చాలా చీటీలు వచ్చాయి. కెమెరా లేని చోటికి మార్చినా తేడా రాలేదు, అప్పుడే నాకొకటి అర్థమైంది. వీళ్ళ భయం పైవాళ్ళంటే కాదు. పక్కింటివాళ్ళంటే. పెట్టెలో చీటీ వేసినవాడి పేరు బాసుకి తెలియకపోవచ్చు, కానీ అంకె సున్నాకి పడితే ఎవడి షిఫ్టులో పడిందో క్వార్టర్లన్నిటికీ తెలుస్తుంది.

ఈ దశలో చాలామంది సలహాదారులు ‘సేఫ్టీ కల్చర్’ అని ఒక రిపోర్టు రాసి బిల్లు ఇచ్చి వెళ్ళిపోతారు. ఆ మాట తప్పు కాదు గానీ దానితో మర్నాడు పొద్దున ఎవరూ ఏమీ చేయలేరు. నేను ప్రశ్న మార్చాను. ఈ గొయ్యి గురించి ఎవరికైనా ఏమైనా తెలుసా? తెలిస్తే అది ఇప్పుడు ఎక్కడ ఉంది?

జ్ఞాపకం దొరికిన చోట్లు

ప్రమాదాల రిజిస్టరు తీయలేదు. అందులో ఉండదని తెలుసు. ప్రమాదం కోసం కాకుండా వేరే లెక్క కోసం రాసే పుస్తకాలు అడిగాను. అంబులెన్స్ డ్రైవరు కిలోమీటర్ల లాగ్‌బుక్, స్టోర్స్‌లో యాసిడ్ ఇష్యూ రిజిస్టరు, ఫస్ట్ ఎయిడ్‌లో కంటి చుక్కల మందు ఖర్చయిన లెక్క. డీజిల్ లెక్క తప్పితే డ్రైవరు జీతంలో కోస్తారు కాబట్టి అతను అబద్ధం రాయడు. ప్రమాదాలు ‘నిల్’ అని ఉన్న నెలల్లో కూడా బండి జిల్లా కేంద్రం ఆస్పత్రికి వెళ్ళొచ్చింది.

అసలు విషయం యాసిడ్ రిజిస్టరులో బయటపడింది. ద్రవాన్ని మరిగించి చిక్కబరిచే ఎవాపరేటర్ ట్యూబుల్లో గార పడుతుంది, దాన్ని యాసిడ్‌తో కడుగుతారు. కడిగిన నీళ్ళు ఎస్‌పీ-07లోకే వస్తాయి. యాసిడ్ ఇష్యూ అయిన తేదీలనీ, ‘తల తిరుగుడు’, ‘కళ్ళ మంట’, ‘ఎండదెబ్బ’ తేదీలనీ పక్కపక్కన పెడితే వానాకాలంలో అవి చాలావరకు కలిశాయి. జులైలో పడిపోయిన రెండు రోజులూ వాష్ రోజులే. సల్ఫైడ్ పట్టిన బురద మీద యాసిడ్ పడితే నెమ్మదిగా పుట్టే గ్యాస్ ఒక్కసారిగా లేస్తుంది. వానల్లో గొయ్యి మూతలు తీయరు, కరెంటు పోతూ వస్తూ ఉంటే గాలి ఊదే బ్లోయర్లు ఆగుతుంటాయి, బురద కుళ్ళి సల్ఫైడ్ పెరుగుతుంది. రసాయనం ఇంతే. కానీ ఇంత తేలిక సంగతి ఈ ఫ్యాక్టరీలో ఎవరికీ ఎప్పుడూ తట్టలేదంటే నమ్మబుద్ధి కాలేదు.

రిటైరైన వాళ్ళని కలవాలనుకున్నాను. వాళ్ళకు పోయే బహుమతి లేదు. అయితే కొడుకులు, అల్లుళ్ళు ఇంకా ఫ్యాక్టరీ ఉద్యోగాల్లో ఉన్నారు. ప్రమాదాల సంగతి అడిగితే నోరు విప్పరు. కాబట్టి పని గురించే అడగాలని నిర్ణయించుకున్నాను. పనిమంతుడు తన పని గురించి అడిగితే చెప్పకుండా ఉండలేడు. కాలనీ గోడ అవతల బస్తీలో, ఎఫ్లుయెంట్ ప్లాంటులో మేస్త్రీగా చేసి దిగిపోయిన పెద్దాయన ఒకరున్నారు. ‘బాబాయ్, మీ రోజుల్లో ఆ గొయ్యి ఎలా కడిగేవారు?’ అని అడిగాను.

‘ఏ గొయ్యి? మూడో గొయ్యేనా?’ అన్నాడు.

ఎస్‌పీ-07 అంటే ఆయనకు తెలియదు, మూడో గొయ్యి అంటే ఇప్పటి ఇంజనీర్లకి తెలియదు. పాత డ్రాయింగు తెప్పించి ఆయన మంచం మీద పరిచాక రెండూ ఒకటేనని తేలింది. ఆధునీకరణ చేసినప్పుడు నంబర్లు మార్చారు. దాంతో పాత కాగితాల్లో ఆ గొయ్యి మీద రాసిందేదీ కొత్త పేరుతో వెతికేవాడికి దొరకదు.

‘శుక్రవారం పొద్దున్న కడిగేవోలం. ముందురోజు సాయంత్రమే రెండు మూతలూ తీసీవోలం. ఆదివారం ట్యూబులు కడిగీవోరు కదా, ఆ వైపు ఎవులూ ఎల్లకూడదు. సోమారం, మంగలారం కూడా ఎల్లకూడదు. వానల్లో అయితే మరీని.’

‘ఎందుకని బాబాయ్?’

ఆయన చాలాసేపు కోడలి వైపు చూశాడు. ఆవిడ లోపలికి వెళ్ళాక చెప్పాడు. రెండు దశాబ్దాలకు పైగా అయింది, ఆ గోతిలో ఒక మనిషి పోయాడు. వాష్ చేసిన రోజునే గొయ్యి కడగడానికి దించారు. మొదట దిగినవాడు పడిపోతే, పైనున్న ఇంకొకడు అతన్ని లాగడానికి దూకాడు. మొదటివాడు బతికాడు, దూకినవాడు పోయాడు. ఇప్పటికీ పేపర్లలో చూస్తున్నాం, సెప్టిక్ ట్యాంకులో ఒకడు పడితే వాడి కోసం ఇంకో ఇద్దరు దిగి పోవడం. తర్వాత అప్పటి షిఫ్ట్ ఇంజనీర్లు వాష్ ఆదివారానికి, గొయ్యి శుక్రవారానికి మార్చారు. కారణం ఎక్కడా రాయలేదు. రాస్తే కేసులో అది ఒప్పుకున్నట్టవుతుందని లీగల్ వాళ్ళు వద్దన్నారట. ఏడాదికోసారి ఆ తేదీన వర్కర్లు గొయ్యి దగ్గర కొబ్బరికాయ కొట్టేవారు.

ఆ తర్వాత జరిగింది ముక్కలు ముక్కలుగా తెలిసింది. యాజమాన్యం మారింది. గేటు దగ్గర బోర్డు లెక్క ఆ మారిన రోజు నుంచి మొదలైంది, కాబట్టి ఆ చావు లెక్కలోకే రాదు. పాత రిజిస్టర్లు చెదలు పట్టాయని తీసేశారు. సుందరీకరణలో గొయ్యి దగ్గర పసుపు రాసిన రాయి పోయింది. ‘నెగటివ్’గా ఉంటుందని కొబ్బరికాయ వద్దన్నారు. తెలుగు మేస్త్రీలు రిటైరయ్యారు. వాళ్ళ స్థానంలో కాంట్రాక్టరు కింద కువి, కుయి అనే గిరిజన భాషలు మాట్లాడే పిల్లలు వచ్చారు. శుక్రవారం సంగతి తెలుగులో నోటి మాటగానే ఉండేది, అది ఆ పిల్లలదాకా రాలేదు. చివరికి ఒక తెలివైన ప్లానింగ్ ఇంజనీరు షెడ్యూలు చూసి, వాష్‌కీ గొయ్యికీ వేరువేరు షట్‌డౌన్ ఎందుకు, ఒకే రోజు చేస్తే ఉత్పత్తి మిగులుతుంది కదా అన్నాడు. అతనిది తప్పని నేను అనను. అతని ముందున్న కాగితంలో శుక్రవారం అని ఉందే గానీ ఎందుకు శుక్రవారమో లేదు. ఆ మార్పుకి అతనికి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

పెద్దవాళ్ళు చెప్పిందంతా తీసుకోలేదు

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ముసలివాళ్ళ మాటలన్నీ వేదం అనుకుంటే ఇంకో ప్రమాదం. అదే మేస్త్రీ ఇంకో పద్ధతి కూడా చెప్పాడు. దిగే ముందు లాంతరు తాడుకి కట్టి దించేవారట, ఆరిపోకపోతే దిగొచ్చట. బావుల దగ్గర మన ఊళ్ళలో చేసేదే. దీపం ఆక్సిజన్ బాగా తగ్గితేనే ఆరుతుంది, మనిషిని పడగొట్టేంత హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా వెలుగుతూనే ఉంటుంది. పైగా ఈ వాయువు, దానితోపాటు ఉండే మీథేన్, రెండూ అంటుకునేవే. కాబట్టి చెప్పిన ప్రతి ముక్కనీ మీటర్‌తో సరిచూశాం. వాష్‌కి ముందు, తర్వాత, మర్నాడు, ఆ మర్నాడు, తాడుకి గుర్తులు కట్టి పైన, మధ్యలో, అడుగున. ఎవరూ దిగలేదు. వాష్ తర్వాత పై రీడింగు చాలాసార్లు మామూలుగానే ఉంది. అడుగున మీటర్ కొలిచే హద్దు దాటి మోగింది. మర్నాటికి తగ్గినా దిగే స్థాయికి రాలేదు. సోమారం మంగలారం అన్న పెద్దాయన లెక్క దాదాపు సరిపోయింది, లాంతరు లెక్క పోయింది.

పనిచేసినవి

మొదటి నిర్ణయం బోర్డు గురించి. దాన్ని పీకేయమని అడగాలనిపించింది. అడగలేదు. ఆ అంకె మీద పై ఆఫీసులో చాలామంది పరువు ఉంది, దాని మీద యుద్ధం మొదలుపెడితే గొయ్యి పక్కకి పోతుంది. బహుమతిని అంకె నుంచి విడదీయమని మాత్రం గట్టిగా అడిగాను. బహుమతి మార్చి 4నే ఇవ్వండి, అందరికీ ఇవ్వండి, అంకె ఎంతున్నా ఇవ్వండి. ఖర్చు ఒక్క రూపాయి పెరగదు. యూనిట్ హెడ్‌కి ఇది మింగుడుపడటానికి సమయం పట్టింది. ‘అప్పుడు రిపోర్టులు పెరుగుతాయి కదా, నేను వచ్చాకే పెరిగినట్టు కనబడుతుంది’ అన్నాడు. ఆయన టెన్షన్ న్యాయమైనదే. భోపాల్ సంగతి గుర్తు చేశాను. 1984 డిసెంబర్ రాత్రి అందరికీ తెలుసు. అదే ఫ్యాక్టరీలో 1981 డిసెంబరులో ఫాస్జీన్ అనే విషవాయువు తగిలి ఒక కార్మికుడు చనిపోయాడు. 1982లో రాజ్‌కుమార్ కేస్వానీ అనే విలేకరి ఊరికి ముప్పుందని రాశాడు కూడా. ఆ చావుని గట్టిగా గుర్తుపెట్టుకోవలసినవాళ్ళు పెట్టుకోలేదు. కార్మికులతో కలిసి భద్రతా కమిటీ వేయాలనే 41-జి సెక్షనూ, ముప్పు కనిపిస్తే హెచ్చరించే హక్కు కార్మికుడికిచ్చే 41-హెచ్ సెక్షనూ 1987లో, ఆ తర్వాతే ఫ్యాక్టరీల చట్టంలోకి వచ్చాయి. పై ఆఫీసుకి పంపే నోట్‌లో రిపోర్టులు ఎందుకు పెరుగుతాయో ముందుగానే రాసి నా సంతకం పెడతానన్నాను. దానికి ఒప్పుకున్నాడు.

రెండోది తాళం. యాసిడ్ లైను వాల్వుకీ గొయ్యి మూతకీ ఒకే తాళంచెవితో తెరుచుకునే తాళాలు వేయించాం. వాల్వు తాళం తెరిచి ఉన్నంతసేపు చెవి అందులోంచి రాదు, కాబట్టి మూత తెరవలేరు. వాష్ అయ్యాక చెవి నేరుగా సేఫ్టీ ఆఫీసరుకి పోతుంది, మూడు లోతుల్లోనూ మీటర్ సరేనన్నాకే బయటికి వస్తుంది. మనుషుల మీద నమ్మకం లేక కాదు, రాత్రి మూడో షిఫ్టులో నిద్ర కళ్ళతో ఉన్నవాడు అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా. కొన్ని నెలలకే డూప్లికేట్ చెవి ఒకటి దొరికింది. ఎవరు చేయించారో వెతకొద్దన్నాను, ఎందుకు చేయించారో కనుక్కోమన్నాను. రాత్రిపూట పంపు జామ్ అయితే మూత తీయాల్సి వస్తోంది, చెవి ఉన్న ఆఫీసరు ఇంట్లో నిద్రపోతున్నాడు. మూత తీయకుండా బయటినుంచే జామ్ వదిలించే ఏర్పాటు చేశాక డూప్లికేట్ అవసరం పోయింది. దానితోపాటు తాళం పక్కనే, ఈ తాళం ఎందుకు వేశామో రాసి పెట్టాం. శుక్రవారానికి పట్టిన గతి దీనికి పట్టకూడదు కదా.

ఆ రాత గురించే ఎక్కువ తర్జనభర్జన జరిగింది. లీగల్ వాళ్ళకి ‘గతంలో ఒక సంఘటన’ అనే మాట చాలు. అది ఎవరినీ ఆపదని నా వాదన. చనిపోయిన మనిషి భార్య అదే ఊళ్ళో ఉంది. కారుణ్య నియామకంలో ఫ్యాక్టరీ బడిలో ఆయాగా చేసి రిటైరైంది. ఆవిడ దగ్గరికి నేరుగా వెళ్ళడం సబబు కాదనిపించి, మేస్త్రీ భార్య చేత కబురు పెట్టించాను. రావొద్దంటే అక్కడితో వదిలేసేవాణ్ణి. రమ్మంది. ఫొటో పెట్టొద్దు, పేరు రాయొద్దు అంది. ‘ఆయన అజాగర్తగా పడిపోనాడని రాసినారు బాబూ. పడిపోలేదు. ఇంకొకుణ్ణి తియ్యడానికి దిగినాడు. ఆ ముక్క ఒక్కటి రాయించు.’ పరిహారం ఫైలులో కారణం ‘స్వీయ నిర్లక్ష్యం’ అని ఉండటం ఆవిడ చూసింది.

చివరికి గొయ్యి దగ్గర పెట్టిన రేకు మీద ఆ ముక్క ఉంది. యాసిడ్ వాష్ రోజున ఒకరు దిగి పడిపోయారనీ, కాపాడటానికి దిగిన మనిషి చనిపోయాడనీ, అందుకే పడినవాణ్ణి పైనుంచి తాడుతో లాగాలే తప్ప దిగకూడదనీ. తెలుగు, ఒడియా, పక్కన బొమ్మలు. ఇదివరకు ‘రెస్క్యూ కోసం దిగరాదు’ అని ఇంగ్లీషులో బోర్డు ఉండేది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు దిగేవాడి నడుముకి బెల్టు, తాడు, పైన తాడు వేలాడదీసే మూడు కాళ్ళ ట్రైపాడ్ ఉన్నాయా లేవా అని హెల్పర్లే అడుగుతున్నారు. ఒక పిల్లాడు బెల్టు చిరిగిందని పని ఆపేశాడు. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. నాకు ఈ కేసులో అన్నిటికన్నా నమ్మకం కలిగించిన విషయం అది.

చదవడం రానివాళ్ళకి రేకు చాలదు. వానలు పట్టే ముందు, పని మొదలుపెట్టే చోటే జరిగే టూల్‌బాక్స్ మీటింగులో ఆ మేస్త్రీ వచ్చి చెప్తాడు, కువి తెలిసిన ఒక హెల్పర్ దాన్ని తన మాటల్లో మళ్ళీ చెప్తాడు. స్లైడులు ఉండవు. పెద్దాయన లాంతరు సంగతి కూడా చెప్తాడు, అది ఎందుకు తప్పో కూడా తనే చెప్తాడు. ఆ భాగానికి బాగా నవ్వుతారు, బాగా గుర్తుంటుంది.

కొబ్బరికాయ విషయం మళ్ళీ వచ్చింది. హెచ్ఆర్ వాళ్ళు దాన్ని ‘మెమోరియల్ డే’ చేసి బ్యానర్ కట్టి ఫొటోలు తీద్దామన్నారు. వద్దన్నాను. ఆ తేదీ వర్కర్లది. యాజమాన్యం చేతికి వస్తే రెండేళ్ళలో అది కూడా వేళకి జరిగే ఇంకో కార్యక్రమం అవుతుంది, మూడో ఏడు బడ్జెట్ లేదని ఆగిపోతుంది. వర్కర్లు కొట్టుకుంటే అడ్డుపెట్టకండి, అంతకుమించి ఏమీ చేయకండి అన్నాను. ఇప్పుడు కొడుతున్నారని విన్నాను.

తేలినవి, తేలనివి

బహుమతి విడదీసిన తర్వాత వానాకాలంలో ఫస్ట్ ఎయిడ్ రిజిస్టరులో కళ్ళ మంటలు, తల తిరుగుళ్ళు బాగా పెరిగాయి, ఊహించినట్టే. ‘ఎండదెబ్బ’ మాయమైంది. పెరిగినవాటిలో గొయ్యికి సంబంధం లేనివి ఎన్నో ఉన్నాయి. బాయిలర్ దగ్గర జారే మెట్టు ఒకటి, క్యాంటీన్ గ్యాస్ పైపు ఒకటి, ఎప్పటినుంచో అందరికీ తెలిసి ఎవరూ చెప్పనివి. గేటు బోర్డు ఇంకా ఉంది. ఒకసారి సున్నాకి పడింది, వేలు విరిగిన ఫిట్టరుకి నిజంగా సెలవు ఇచ్చినందుకు. అతని భార్యని లైనులో ఎవరూ ఏమీ అనలేదని చెప్పలేను, మాటలు పడింది. ఆ ఏడాది బహుమతి మాత్రం అందరికీ అందింది, తర్వాత ఆ మాటలు తగ్గాయి.

ఇలాంటి కేసులో పనిచేసేవాళ్ళకి నేను చెప్పేది ఆచరణకి సంబంధించినది. కొత్త చోట అడుగుపెట్టగానే ఇప్పుడున్న రూల్సు సరిగా పాటిస్తున్నారా అని చూస్తాం. గత పదేళ్ళలో ఏ రూల్సు తీసేశారు, ఏ నంబర్లు మార్చారు, ఏ షెడ్యూళ్ళు కలిపారు అని కూడా అడగండి. తీసేసిన ప్రతిదానికీ ఎందుకు పెట్టారో చెప్పగలిగే మనిషి ఒకరు దొరికేదాకా దాన్ని ముగిసిన విషయంగా చూడకండి. ఆ మనిషి చాలాసార్లు గేటు బయట ఉంటాడు. అతను చెప్పినదాన్ని కొలిచి చూడండి.

ఒకటి మాత్రం తెగలేదు. లేబర్ కాంట్రాక్టరు మారినప్పుడల్లా మనుషులు మారతారు, గొయ్యి సంగతి మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. అందుకని టెండరులో ఒక క్లాజు పెట్టమన్నాను, కొత్త కాంట్రాక్టరు పని మొదలుపెట్టే ముందు పాత బ్యాచ్‌లో కనీసం కొందరు కొత్తవాళ్ళతో కలిసి ఒక వానాకాలం చేయాలని. పర్చేజ్ వాళ్ళు రేటు పెరుగుతుందని ఒప్పుకోవడం లేదు. ఫైలు ఇప్పుడు పై ఆఫీసులో ఉంది. ఈలోగా పెద్దాయన మోకాళ్ళ నొప్పులతో ఫ్యాక్టరీదాకా రాలేకపోతున్నాడు. కువి మాట్లాడే ఆ హెల్పరే ఈసారి మీటింగు తీసుకున్నాడు. అతని కాంట్రాక్టు వచ్చే ఏడాదితో అయిపోతుంది.